మారేది దారిలో కాదు, సూర్యుడి లోపలే

ప్రశ్న: నేను మణుగూరు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఈమధ్య సెకండ్ ఇయర్ క్లాసులో కేంద్రక సంలీనం చెబుతూ సూర్యుడిలో పుట్టే న్యూట్రినోల (దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే అతిచిన్న కణాల) సంగతి ఎత్తాను. ‘బయల్దేరేటప్పుడు అన్నీ ఎలక్ట్రాన్ న్యూట్రినోలే. పదిహేను కోట్ల కిలోమీటర్లు వచ్చేసరికి మూడు రకాలుగా సమానంగా విడిపోతాయి. అందుకే శాస్త్రవేత్తలకు మూడో వంతే కనిపించాయి’ అన్నాను. ఒకమ్మాయి లేచి, ‘సార్, దారంతా ఖాళీయే కదా? న్యూట్రినో దేన్నీ తాకదని మీరే అన్నారు. మరి దాన్ని మార్చిందేమిటి?’ అని అడిగింది. ఏదో సర్దిచెప్పాను. వెంటనే ‘రాత్రిపూట కూడా వస్తాయా?’ అని ఇంకో ప్రశ్న. వస్తాయని చెప్పి పాఠంలోకి వెళ్లిపోయాను. ఇంటికొచ్చాక నాకే తృప్తిగా లేదు. తప్పు చెప్పానా? మళ్లీ చెప్పాలంటే ఎలా చెప్పాలి?

జవాబు: మాస్టారూ, మీరు చెప్పినదాంట్లో రెండు సవరణలు కావాలి. ఇది మీ ఒక్కరికే వచ్చిన పొరపాటు కాదు. సైన్సు గురించి రాసేవాళ్లం చాలామందిమి ఇదే మాట రాసేస్తుంటాం. మొదటి సవరణ: శాస్త్రవేత్తలను ముప్పై ఏళ్లు తిప్పలు పెట్టిన ఆ న్యూట్రినోలు ఖాళీ దారిలో మారలేదు. సూర్యుడి నడిమధ్య నుంచి ఉపరితలానికి రావడానికి వాటికి రెండు సెకన్ల పైచిలుకు పడుతుంది, ఆ కాసేపట్లోనే మారిపోయాయి. రెండోది: మనకు మూడో వంతు కనిపించడానికి కారణం రకాలు మూడు కావడం కాదు. ఈ రెండూ సరిచేసుకుంటే ఆ అమ్మాయి ప్రశ్న సగం విడిపోయినట్టే.

ముందు ఆ మూడో వంతు ఎక్కడ బయటపడిందో క్లాసుకు చెప్పండి. పిల్లలకు ఆ కథ తెలియకపోతే జవాబు విలువ తెలియదు.

సూర్యుడిలో నాలుగు ప్రోటాన్లు కలిసి ఒక హీలియం కేంద్రకం అయినప్పుడల్లా రెండు న్యూట్రినోలు పుడతాయి. రెండూ ఎలక్ట్రాన్ రకమే. మిగతా రెండు రకాలూ (మ్యూయాన్, టావ్ న్యూట్రినోలు) పుట్టాలంటే పక్కనే ఎలక్ట్రాన్‌కు బరువైన అన్నల్లాంటి మ్యూయానో టావో పుట్టాలి, అంత శక్తి ఆ చర్యల్లో లేదు. బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకు దాదాపు 6,500 కోట్ల న్యూట్రినోలు దూసుకుపోతున్నాయి. ఇవి చదివే ఈ క్షణంలో కూడా.

అమెరికాలోని సౌత్ డకోటాలో హోమ్‌స్టేక్ అనే బంగారు గని ఉండేది. 1960లలో రే డేవిస్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ గనిలో సుమారు కిలోమీటరున్నర లోతున ఒక పెద్ద ట్యాంకు కట్టించి, దాదాపు 3.8 లక్షల లీటర్ల పెర్‌క్లోరోఇథిలీన్‌తో నింపారు. డ్రై క్లీనింగ్ షాపుల్లో వాడే ద్రవం అది. అందులోని క్లోరిన్ పరమాణువుకు ఎలక్ట్రాన్ న్యూట్రినో తగిలితే అది ఆర్గాన్ అవుతుంది. కొన్ని వారాలకోసారి ఆ ద్రవంలోకి హీలియం వాయువును బుడగలుగా పంపేవారు. ఆ బుడగలతో పాటు ఆర్గాన్ కూడా బయటికొచ్చేది. దాన్ని పట్టి, చిన్న గొట్టంలాంటి కౌంటర్‌లో పెట్టి, పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవారు. జాన్ బాకాల్ అనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సిద్ధాంతపు లెక్క ప్రకారం ట్యాంకు మొత్తంలో రోజుకు ఒకటిన్నర ఆర్గాన్ పరమాణువులు పుట్టాలి. పుట్టినవి రెండు రోజులకు ఒకటి చొప్పున. లక్షల లీటర్లలో రెండు రోజులకు ఒక్క పరమాణువు! దాన్ని వెతికి పట్టుకున్నారంటే ఆ ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను. 1968లో తొలి ఫలితం వచ్చింది. డేవిస్ లెక్క తప్పనీ, బాకాల్ లెక్క తప్పనీ ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. ఇద్దరివీ తప్పులు కావు. డేవిస్‌కు 2002లో, 88 ఏళ్ల వయసులో నోబెల్ అందింది.

ఇక్కడ పిల్లలకు ఒక మాట గట్టిగా చెప్పాలి. డేవిస్ ట్యాంకుకు ఎలక్ట్రాన్ రకం తప్ప మరొకటి కనిపించదు. మ్యూయాన్ న్యూట్రినో వచ్చి క్లోరిన్‌ను మార్చాలంటే మ్యూయాన్ పుట్టించాలి. దానికి 105 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం ఇది) పైనే కావాలి, సూర్యుడి న్యూట్రినోలకు 20 కూడా ఉండదు. కాబట్టి రకం మారిన న్యూట్రినో ఆ ట్యాంకులోంచి దర్జాగా వెళ్లిపోతుంది. కనిపించలేదు అంటే రాలేదని కాదు.

మరి వచ్చాయని ఎలా తేల్చారు? ఈ భాగం మీ పిల్లలకు మిగతా ఎవరికన్నా బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇందులో ముఖ్యపాత్ర భారజలానిది. మీ పక్కనే అశ్వాపురంలో గోదావరి నీటి నుంచి భారజలం తీసే కర్మాగారం ఉంది కదా. మీ క్లాసులో దాని గేటు ముందు నుంచి రోజూ కాలేజీకి వచ్చేవాళ్లు కూడా ఉండే ఉంటారు. మామూలు నీళ్లలో ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి మాత్రమే డ్యుటీరియం, అంటే భారజలంలో ఉండే బరువైన హైడ్రోజన్. దాన్ని వేరుచేసి కూడబెట్టడం ఎంత శ్రమో ఆ కర్మాగారంలో పనిచేసేవాళ్లను అడిగితే చెబుతారు. కెనడాలో తమ రియాక్టర్ల కోసం అలా కూడబెట్టిన భారజలంలోంచి 1,000 టన్నులు ఈ ప్రయోగానికి అరువిచ్చారు. కొన్నది కాదు, అరువు. ప్రయోగం అయ్యాక తిరిగి ఇచ్చేశారు.

ఆ భారజలాన్ని ఒంటారియోలోని సడ్‌బరీ దగ్గర ఒక నికెల్ గనిలో రెండు కిలోమీటర్ల లోతున, 12 మీటర్ల వ్యాసం ఉన్న పారదర్శకమైన యాక్రిలిక్ గోళంలో నింపారు. చుట్టూ కాంతిని పసిగట్టే గొట్టాలు 9,500 దాకా. గని అంటే దుమ్ము, దుమ్ములో కాస్తంత యురేనియం, థోరియం ఎప్పుడూ ఉంటాయి. అవి లోపలికి చేరితే ప్రయోగం పాడైపోతుంది. అందుకని లోపలికి వెళ్లే ప్రతి మనిషీ, డైరెక్టరైనా సరే, అంత లోతున స్నానం చేసి, పోగులు రాలని బట్టలు కట్టుకుని లోపలికి అడుగుపెట్టాలి. ఈ భారజలం ఆలోచన 1980లలో హెర్బ్ చెన్ అనే శాస్త్రవేత్తది. ఆయన ఫలితం చూడకుండానే 1987లో కన్నుమూశారు. ఆయన పేరు క్లాసులో తప్పకుండా చెప్పండి.

భారజలంతో లాభం ఏమిటంటే, డ్యుటీరియం కేంద్రకంలో ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ వదులుగా అతుక్కుని ఉంటాయి. న్యూట్రినో దాన్ని రెండు విధాలుగా విడగొట్టగలదు. ఒక విధం ఎలక్ట్రాన్ న్యూట్రినోకు మాత్రమే సాధ్యం. అందులో న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఒక ఎలక్ట్రాన్ బయటికొస్తుంది. రెండో విధం మూడు రకాలకూ ఒకేలా సాధ్యం: కేంద్రకం ఊరికే రెండు ముక్కలవుతుంది, న్యూట్రాన్ విడిపడుతుంది. అంటే ఒకే నీళ్లలో ఒక లెక్క ఎలక్ట్రాన్ రకానిది, ఇంకో లెక్క మొత్తానిది. న్యూట్రాన్లను మరింత బాగా పట్టుకోవడానికి తర్వాత ఆ నీళ్లలో రెండు టన్నుల ఉప్పు కూడా కలిపారు. ఉప్పులోని క్లోరిన్ న్యూట్రాన్లను ఇట్టే పట్టేస్తుంది.

2002 ఏప్రిల్‌లో ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టారు. సూర్యుడిలో బోరాన్-8 అనే కేంద్రకం నుంచి పుట్టే న్యూట్రినోల్లో ఎలక్ట్రాన్ రకం చదరపు సెంటీమీటరుకు సెకనుకు 17.6 లక్షలు. అన్ని రకాలూ కలిపి 50.9 లక్షలు. బాకాల్ బృందం సూర్యుడి మీద వేసిన లెక్క 50.5 లక్షలు. ఒక్కటీ తప్పిపోలేదు. మూడింట రెండు వంతులు వేషం మార్చుకుని వచ్చాయి, అంతే. ఈ ప్రయోగాన్ని నడిపించిన ఆర్థర్ మెక్‌డొనాల్డ్‌కు 2015లో నోబెల్ వచ్చింది. జపాన్ సూపర్ కమియోకాండేలో, భూమి వాతావరణంలో పుట్టే న్యూట్రినోలు కూడా రకం మారతాయని 1998లో చూపిన తకాకి కజితాతో కలిసి ఆయన దాన్ని పంచుకున్నారు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. దేన్నీ తాకనిదాన్ని మార్చిందేమిటి?

ఇక్కడ రెండు సంగతులున్నాయి, వాటిని కలిపేస్తేనే చిక్కు. మొదటిది, ఎలక్ట్రాన్ న్యూట్రినో అనేది ఒకే ద్రవ్యరాశి ఉన్న ఒక కణం కాదు. కచ్చితమైన ద్రవ్యరాశి ఉన్న న్యూట్రినోలు వేరే మూడున్నాయి, వాటిని ఒకటి, రెండు, మూడు అని పిలుద్దాం. ఎలక్ట్రాన్ న్యూట్రినో అంటే ఒకటోది 68 పాళ్లు, రెండోది 30, మూడోది రెండు పాళ్లు కలిసిన మిశ్రమం. మ్యూయాన్, టావ్ న్యూట్రినోలు అవే మూడింటి వేరే మిశ్రమాలు. ద్రవ్యరాశులు వేరు కాబట్టి ఈ మూడు అలలూ ఒకే లయలో నడవవు. తంబురా శ్రుతి కలిపేటప్పుడు రెండు తీగలు ఒక్క వెంట్రుకవాసి తేడాలో ఉంటే నాదం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది కదా, అలాగే మిశ్రమం ఊగుతుంది. కాసేపు ఎలక్ట్రాన్ రకం, కాసేపు వేరే రకం. దీనికి దారిలో ఎవరూ తాకనక్కర్లేదు. తీగలు రెండూ దాని లోపలే ఉన్నాయి. బ్రూనో పొంటెకోర్వో 1957లోనే ఇలాంటి ఊగిసలాట ఉండొచ్చని ఊహించారు. ‘ఖాళీలో మార్చిందేమిటి’ అన్నదానికి ఇది నిజమైన జవాబు. భూమ్మీద దీన్ని చూశారు కూడా. జపాన్‌లో కామ్‌ల్యాండ్ అనే ప్రయోగం సగటున 180 కిలోమీటర్ల దూరంలో ఉన్న అణు రియాక్టర్ల నుంచి వచ్చే ప్రతి-న్యూట్రినోలను పట్టి, ఈ ఊగిసలాట లయను కొలిచింది.

కానీ సూర్యుడి బోరాన్ న్యూట్రినోల కథ ఇది కాదు. వాటిది రెండో సంగతి.

దాన్ని చెప్పడానికి మీకు గాజుపలక చాలు. కాంతి గాజులోంచి వెళ్లేటప్పుడు ఏ పరమాణువునూ బద్దలు కొట్టదు, గాజు దాన్ని మింగదు, అయినా దాని వేగం మారుతుంది. వక్రీభవనం మీరు చెప్పే పాఠమే. 1978లో లింకన్ వోల్ఫెన్‌స్టైన్ చెప్పింది ఇదే. న్యూట్రినో దేన్నీ ఢీకొట్టకుండానే వెళ్లినా, అది వెళ్లే పదార్థం దాని లయను కాస్త మారుస్తుంది. సూర్యుడి నిండా ఎలక్ట్రాన్లున్నాయి, మ్యూయాన్లు గానీ టావ్‌లు గానీ లేవు. కాబట్టి ఎలక్ట్రాన్ న్యూట్రినోకు మాత్రమే అక్కడ అదనపు ఒత్తిడి. సూర్యుడి నడిమధ్య సాంద్రత నీటికి 150 రెట్లు. అక్కడ ఈ ప్రభావం బలంగా ఉంటుంది, పైకి వస్తున్నకొద్దీ తగ్గుతూ ఉపరితలం దగ్గర పోతుంది. ఈ తగ్గుదల వల్ల ఏం జరుగుతుందో 1985లో సోవియట్ శాస్త్రవేత్తలు స్టానిస్లావ్ మిఖేయెవ్, అలెక్సీ స్మిర్నోవ్ కనిపెట్టారు.

దీన్ని క్లాసులో చూపించొచ్చు. ల్యాబ్‌లోంచి ఒక దిక్సూచి, ఒక దండాయస్కాంతం తెచ్చుకోండి. దిక్సూచిని బల్లమీద పెట్టి, అయస్కాంతాన్ని దాని చుట్టూ నెమ్మదిగా తిప్పండి. ముల్లు అయస్కాంతాన్ని అంటిపెట్టుకుని తిరుగుతుంది, ఊగదు. ఇప్పుడు మళ్లీ మొదటి చోటుకు తెచ్చి, ఒక్కసారిగా విసురుగా తిప్పండి. ముల్లు అటూ ఇటూ ఊగిపోతుంది. పిల్లలు దీన్ని రెండు మూడుసార్లు తమ చేత్తో చేసేదాకా ముందుకు వెళ్లకండి.

ఇప్పుడు చెప్పండి: ముల్లు అంటే న్యూట్రినో ఏ రకంగా ఉందో చూపేది. అయస్కాంతం చూపే దిక్కు అంటే ఆ చోట పదార్థం, ద్రవ్యరాశి తేడా కలిసి నిర్ణయించే దిక్కు. సూర్యుడి నడిమధ్య ఎలక్ట్రాన్ల ప్రభావమే ఎక్కువ కాబట్టి అయస్కాంతం ‘ఎలక్ట్రాన్ రకం’ వైపు ఉంటుంది. బోరాన్ న్యూట్రినో పుట్టడమే ఎలక్ట్రాన్ రకంగా పుడుతుంది, కాబట్టి ముల్లు, అయస్కాంతం మొదట్నుంచీ ఒకే దిక్కున ఉన్నాయి. పైకి వస్తున్నకొద్దీ ఎలక్ట్రాన్లు పలచబడి అయస్కాంతం నెమ్మదిగా తిరుగుతుంది. ముల్లు దాని వెంటే తిరుగుతుంది. నెమ్మది అంటే ఎంత? 10 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రినో ఖాళీలో ఒక ఊగు ఊగడానికి పట్టే దూరం సుమారు 330 కిలోమీటర్లు. సూర్యుడి సాంద్రత చెప్పుకోదగినంత తగ్గడానికి పదుల వేల కిలోమీటర్లు కావాలి. న్యూట్రినో లెక్కలో ఇది చాలా నింపాదిగా జరిగే మార్పు.

సూర్యుణ్ని దాటి బయటికి వచ్చేసరికి ముల్లు ‘రెండో ద్రవ్యరాశి న్యూట్రినో’ వైపు తిరిగి ఉంటుంది. దాదాపు శుద్ధంగా రెండోదే. అందులో ఇక మిశ్రమం లేదు, ఒకటే తీగ. ఒక్క తీగతో తంబురాలో ఊగు ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే మిగిలిన పదిహేను కోట్ల కిలోమీటర్లలో, ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లలో, దానికి ఏమీ జరగదు. ఇది నాకు మొదటిసారి అర్థమైన రోజు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. అంత దూరం దానికి ఒక లెక్కే కాదు!

దిక్సూచితో ఒక్క తేడా మాత్రం దాచకండి. అక్కడ ముల్లు ఊగినా రాపిడి వల్ల కాసేపటికి ఆగిపోతుంది. న్యూట్రినోకు రాపిడి లేదు, ఊగడం మొదలుపెడితే ఆపేది లేదు.

ఇప్పుడు మూడో వంతు. రెండో ద్రవ్యరాశి న్యూట్రినోను భూమి మీద పట్టుకుంటే అది ఎలక్ట్రాన్ రకంగా కనిపించే అవకాశం నూటికి దాదాపు 30. మూడో వంతు అక్కణ్నుంచి వచ్చింది. ఈ అంకె మిశ్రమం పాళ్ల మీద ఆధారపడింది. ఆ పాళ్లు వేరేగా ఉంటే, రకాలు మూడే అయినా మనకు పదో వంతో ఐదో వంతో కనిపించేది.

పిల్లలు నమ్మకపోతే సాక్ష్యం ఉంది. సూర్యుడి న్యూట్రినోల్లో అత్యధికం బోరాన్‌వి కావు, ప్రోటాన్లు జతపడేటప్పుడు పుట్టే తక్కువ శక్తివి. వాటికి 0.42 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులకు మించి ఉండదు. ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింద, రష్యాలోని బక్సాన్‌లో గాలియం అనే లోహంతో వీటిని లెక్కపెట్టారు. కనిపించినవి మూడో వంతు కాదు, సగానికి పైనే. అవీ మూడు రకాల లోకంలోవే కదా! తేడా ఎక్కడంటే, శక్తి తక్కువ ఉన్నప్పుడు పదార్థం ప్రభావం పెద్దగా పనిచేయదు. అయస్కాంతం మొదట్నుంచీ ఒకే దిక్కున ఉంటుంది, ముల్లు పుట్టడమే పక్కకు పుడుతుంది, కాబట్టి ఊగుతూనే వస్తుంది. మీరు క్లాసులో చెప్పినట్టు దారిలో ఊగేవి ఇవే. కానీ వాటి ఊగు పొడవు పది కిలోమీటర్ల లెక్కన ఉంటే, అవి పుట్టే చోటు లక్ష కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు. ఏ న్యూట్రినో ఏ దశలో ఉందో తెలియదు, మనకు చిక్కేది సగటు మాత్రమే. ఆ సగటు నూటికి 55 దగ్గర.

మీకు పీరియడ్ ఒక్కటే ఉంటే డేవిస్ కథ తగ్గించి దిక్సూచిని ఉంచండి. క్లాసుకు మొదటే ‘పోయినసారి నేను చెప్పింది సరిచేస్తున్నాను’ అని చెప్పండి. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయితోనే అయస్కాంతం తిప్పించండి.

రాత్రిపూట సంగతి చివరికి ఉంచాను. మీరు చెప్పింది నిజమే, వస్తాయి. రాత్రి సూర్యుడు మన కాళ్ల కింద ఉంటాడు, న్యూట్రినోలు భూమి అడుగు నుంచి నేలలోకి, మంచం కోళ్లలోంచి పైకి వస్తాయి. కానీ ఆ అమ్మాయికి ఇంకాస్త ఎక్కువ చెప్పొచ్చు. భూమి కూడా పదార్థమే, దాంట్లోనూ ఎలక్ట్రాన్లున్నాయి. ఒక్క తీగగా వచ్చిన ఆ రెండో న్యూట్రినో భూమిలోకి రాగానే మళ్లీ కొద్దిగా ఊగడం మొదలుపెడుతుంది, అందులో ఎలక్ట్రాన్ రకం వాటా కాస్త పెరుగుతుంది. జపాన్‌లో 50,000 టన్నుల నీళ్లున్న సూపర్ కమియోకాండే ఏళ్ల తరబడి పగలు లెక్క, రాత్రి లెక్క విడివిడిగా రాసుకుంది. 2014లో ప్రకటించిన ఫలితం ప్రకారం రాత్రిపూట నూటికి మూడు ఎక్కువ. న్యూట్రినోలతో చూస్తే సూర్యుడు అర్ధరాత్రి కాస్త ఎక్కువగా వెలుగుతాడు, ఆ అమ్మాయికి ఇది చెప్పండి.